లావుపిల్ల కథ విన్నాక అన్నం మానేసింది

ప్రశ్న: నల్లగొండ జిల్లా మర్రిగూడ దగ్గర హైస్కూల్లో ఇంగ్లిష్ టీచర్‌ని. లైబ్రరీ పీరియడ్‌లో తొమ్మిదో తరగతి ఆడపిల్లలకు ఒక నవల తెలుగులో చెప్పాను. లావుగా ఉందని అందరూ ఎగతాళి చేసే అమ్మాయి కథ. చివరికి సన్నబడుతుంది, అందరూ దగ్గరికి తీస్తారు. అది విన్నప్పటి నుంచి ఒక పిల్ల మధ్యాహ్నం అన్నం సగానికి పైగా పక్కపిల్లకు పెట్టేస్తోంది. ఇలాంటి పుస్తకాలు మనకెందుకని తోటి టీచర్లు అంటున్నారు. మానేయాలా?

జవాబు: టీచర్ గారూ, ముందు ఆ పిల్ల సంగతి చూడండి. క్లాసులో కాదు, వరండాలో ఒక్కదాన్నే కూర్చోబెట్టుకోండి. ‘లావైపోతానని భయమా?’ అనకండి. ‘ఈ మధ్య అన్నం తినబుద్ధి కావట్లేదా బిడ్డా?’ అంటే చాలు. కారణం కథే అని ఇప్పుడే అనుకోవద్దు. ఇంట్లో గొడవ కావచ్చు, కడుపునొప్పి కావచ్చు. కళ్లు తిరుగుతున్నా, బరువు తగ్గుతున్నా, నెలసరి ఆగినా వాళ్లమ్మను పిలిపించి డాక్టర్‌కు చూపించమనండి. మనసులో దిగులు ఎక్కువగా ఉంటే మానసిక ఆరోగ్యానికి ప్రభుత్వం నడిపే హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కు ఫోన్ చేయొచ్చు. తెలుగులోనే మాట్లాడతారు, డబ్బులేమీ ఉండవు.

ఇక నవల. నన్ను ఆపేసింది దాని ముగింపే. ఎగతాళి చేసినవాళ్లెవరూ మారలేదు, పిల్ల ఒళ్లు మారింది. పద్నాలుగేళ్ల పిల్ల ఆ కథలోంచి ఏం పట్టుకుపోతుందో ఆలోచించండి. పైగా ఇలాంటి కథల్లో కొన్నిటిలో ఎన్ని కిలోలు తగ్గింది, ఏ పూట మానేసింది అని లెక్కతో సహా ఉంటుంది. చెప్పేటప్పుడు ఆ లెక్కలు వదిలేయండి, తప్పేం లేదు. చదవడం మాత్రం మానొద్దు. మీరు ఆపినంత మాత్రాన బొద్దుగా ఉన్న పిల్లను చూసి నవ్వేవాళ్లు ఆపరు కదా.

నాదీ మునుగోడు వైపే. బోరునీళ్లు తాగి పెరిగాం. నా ముందుపళ్ల మీద గోధుమరంగు గార ఉండేది. చిన్నప్పుడు చిగుళ్లలో పళ్లు తయారవుతున్నప్పుడే నీళ్లలోని ఫ్లోరైడ్ చేసే పని అది, తోమితే పోదని మాకెవరూ చెప్పలేదు. చిగుళ్లు రక్తం కారేదాకా బొగ్గుపొడితో తోమేదాన్ని. పదో తరగతి గ్రూప్ ఫొటోలో మా వరుసలో నలుగురం పెదవులు బిగించి నిలబడ్డాం. నలుగురిదీ ఒకటే బాధ, ఒక్కరం కూడా ఇంకొకరితో చెప్పుకోలేదు. మాలాంటి పిల్ల కథ ఒక్కటి ఎవరైనా చదివి వినిపించి ఉంటే చెప్పుకునేవాళ్లమేమోనని ఇప్పటికీ అనిపిస్తుంది.

అందుకే మీ పిల్లలతో ఆ నవలకు వేరే ముగింపు రాయించండి. కాగితం మీద పేరు వద్దు. ఒకటే షరతు: పిల్ల ఒళ్లు మారకూడదు, చుట్టూ ఉన్నవాళ్లు మారాలి. లావు ఒక్కటే రాదు చూడండి, నలుపు, పొట్టి, బక్క, గారపళ్లు అన్నీ వస్తాయి. ఆ కాగితాలు మీరొక్కరే చదవండి. ‘ఏందే, గింత లావైనవ్’ అని పిల్లల్ని పలకరించే అలవాటు మన పెద్దవాళ్లకు ఉంది. స్కూల్లో ఆ పలకరింపు మాన్పించగలిగేది కూడా మీరే.

రేపు మధ్యాహ్నం మీరూ ప్లేటు పట్టుకుని ఆ పిల్ల వరుసలోనే కూర్చోండి. ఎంత తిన్నావని మాత్రం అడగకండి.