నాన్న యాక్సిడెంట్ కేసు కట్ట నేను ఎలా చదివానంటే

మీ నాన్నగారి యాక్సిడెంట్ కేసులో డ్రైవర్ మీద కేసు కొట్టేశారనీ, లాయర్ గారు ఇచ్చిన కాగితాల కట్టలో ఏది ముందు చదవాలో, ఎందుకు ఓడిపోయారో అర్థం కావడం లేదనీ రాశారు. నేను లాయర్‌ను కాను. కానీ ఇలాంటి కట్టే మా ఇంట్లోనూ ఉంది. 2014 డిసెంబరులో మా నాన్న పాలకేంద్రం నుంచి మోపెడ్ మీద వస్తుంటే లారీ గుద్ది చనిపోయారు. 2018లో తీర్పు వచ్చింది, డ్రైవర్ బయటపడ్డాడు. ఆ కాగితాలు అర్థం చేసుకోవడానికి నాకు చాలా నెలలు పట్టింది. మీకు అంత టైం పట్టకూడదని ఇది రాస్తున్నాను.

నేను చేసిన మొదటి తప్పు ఛార్జిషీటుతో మొదలుపెట్టడం. అందులో లారీ నంబరు, డ్రైవర్ పేరు, అతివేగంగా, అజాగ్రత్తగా నడిపాడన్న మాట అన్నీ ఉన్నాయి. ఇన్ని ఉంటే కోర్టు ఎలా వదిలేసిందని జడ్జి గారి మీద కోపం పెంచుకున్నాను. ఛార్జిషీటు సాక్ష్యం కాదని నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. ఈ సాక్షులతో, ఈ కాగితాలతో ఈ నేరం రుజువు చేస్తామని పోలీసులు కోర్టుకు చెప్పుకున్న మాట అది. చెప్పిన మాట నిలబడిందా లేదా అన్నది తర్వాతి కాగితాల్లో ఉంటుంది.

అందుకే ముందు తీర్పు చివరి పేజీ తీయండి. జడ్జి గారి సంతకం తర్వాత ఒక పట్టిక ఉంటుంది. ప్రాసిక్యూషన్ తరఫున విచారించిన సాక్షులు పీడబ్ల్యూ-1, పీడబ్ల్యూ-2 అనీ, కోర్టు రికార్డులోకి తీసుకున్న కాగితాలు ఎక్జిబిట్ పీ-1, పీ-2 అనీ, వస్తువులుంటే ఎంవో అనీ రాస్తారు. ఇప్పుడు ఛార్జిషీటులోని సాక్షుల జాబితా పక్కన పెట్టుకోండి. అక్కడ అదే మనుషులను ఎల్‌డబ్ల్యూ-1, ఎల్‌డబ్ల్యూ-2 అంటారు. ఈ రెండు నంబర్లూ ఒకటే అని పొరబడకండి. పోలీసులు రాసిన వరుస ఎల్‌డబ్ల్యూ, కోర్టులో బోనెక్కిన వరుస పీడబ్ల్యూ. మా కేసులో ఎల్‌డబ్ల్యూ-3 కోర్టులో పీడబ్ల్యూ-2 అయ్యాడు. నేను వారం రోజులు ఒకరి వాంగ్మూలాన్ని ఇంకొకరిది అనుకుని చదివాను. పేర్లు చూసి కలుపుకోండి, పెన్సిల్‌తో పక్కన రాసుకోండి.

అలా కలుపుతుంటే కొందరికి పీడబ్ల్యూ నంబరు లేదని తెలుస్తుంది. వాళ్లు జాబితాలో ఉండి కోర్టుకు రానివాళ్లు. మా కేసు గుట్టంతా అక్కడే ఉంది. ఛార్జిషీటులో తొమ్మిది మంది, తీర్పులో ఐదుగురు. మిగిలిన నలుగురిలో ఎల్‌డబ్ల్యూ-7 లారీ ఓనర్. ప్రమాదం చేసిన బండిని ఎవరు నడిపారో చెప్పమని మోటారు వాహనాల చట్టం 133 సెక్షన్ కింద పోలీసులు ఓనర్‌కు నోటీసు ఇస్తారు. ఆ రోజు డ్రైవర్ ఫలానా అని అతను రాతపూర్వకంగా జవాబిచ్చాడు. ఆ కాగితం ఛార్జిషీటుతో పాటు కోర్టుకు వెళ్లింది. కానీ ఓనర్ రాలేదు కాబట్టి ఆ జవాబు ఎక్జిబిట్‌గా మార్క్ కాలేదు. ఫైల్లో ఉన్నా లేనట్టే.

ఎందుకు రాలేదన్నది డాకెట్ షీటులో ఉంటుంది. ప్రతి వాయిదా రోజూ ఏం జరిగిందో రెండు మూడు ముక్కల్లో రాసే కాగితం అది. దీన్ని మామూలుగా ఎవరూ చదవరు, మా లాయర్ గారి కట్టలో కూడా లేదు, విడిగా అప్లికేషన్ పెట్టి తీసుకున్నాను. 'ఏ-1 ప్రెజెంట్' అంటే ముద్దాయి వచ్చాడని. '317 పిటిషన్ అలౌడ్' అంటే ఆ రోజుకు హాజరు మినహాయింపు ఇచ్చారని. 'ఎన్‌బీడబ్ల్యూ' అంటే నాన్ బెయిలబుల్ వారెంట్. 'పీవో ఆన్ లీవ్' అంటే జడ్జి గారు సెలవు. మా డాకెట్ షీటులో ఎల్‌డబ్ల్యూ-7 కి సమన్లు అందలేదని మూడు వాయిదాల్లో ఉంది, నాలుగోసారి 'గివెన్ అప్' అని ఉంది. అంటే ప్రభుత్వం తరఫున వాదించే ఏపీపీ గారు ఆ సాక్షిని వదులుకున్నారు. నాలుగేళ్ల కేసు ఆ ఒక్క ముక్కతో కూలిపోయింది.

ఇక ఎఫ్‌ఐఆర్. అందులో కథ కంటే టైములు ముఖ్యం. ప్రమాదం ఎప్పుడు జరిగింది, స్టేషన్‌కు సమాచారం ఎప్పుడు అందింది, మెజిస్ట్రేట్ గారికి ఎప్పుడు చేరింది. మధ్యలో పెద్ద ఖాళీ ఉంటే అవతలి లాయర్ దాన్నే పట్టుకుంటారు. ఎఫ్‌ఐఆర్‌కి ఉండేది క్రైం నంబరు, ఛార్జిషీటు తీసుకున్నాక కోర్టు ఇచ్చేది సీసీ నంబరు. ఈ-కోర్ట్స్ యాప్‌లో వెతకడానికి అన్నింటికన్నా తేలిక 16 అక్షరాలూ అంకెలూ ఉండే సీఎన్ఆర్ నంబరు. అక్కడ 'డిస్పోజ్డ్' అని కనిపిస్తే కేసు ముగిసిందని మాత్రమే అర్థం. శిక్ష పడినా, కొట్టేసినా, రాజీ అయినా అదే మాట వస్తుంది. అది చూసి మా బంధువులు ఒకరు శిక్ష పడిందనుకుని అమ్మకు ఫోన్ చేశారు.

మనలాంటి పాత కేసుల్లో పోలీసుల ముందు ఇచ్చిన వాంగ్మూలాలను 161 స్టేట్‌మెంట్లు అంటారు. వాటి కింద సాక్షి సంతకం ఉండదు, చట్ట ప్రకారం తీసుకోకూడదు. సంతకం లేదని అనుమానపడకండి. మా కట్టలో ముగ్గురి స్టేట్‌మెంట్లు ఒకటే వాక్యాలతో ఉన్నాయి. వాటిని సాక్ష్యంగా చదవడానికి లేదు. కోర్టులో సాక్షి వేరేలా చెబితే, అప్పుడు ఇలా అన్నావు కదా అని నిలదీయడానికే పనికొస్తాయి.

కోర్టులో చెప్పినదాన్ని డిపోజిషన్ అంటారు. సాక్షి తెలుగులో చెబుతుంటే మా కోర్టులో జడ్జి గారు ఇంగ్లిష్‌లో చెప్పి టైప్ చేయించారు. ముందు చీఫ్, అంటే సాక్షిని పిలిచిన వైపు లాయర్ అడిగినది. తర్వాత క్రాస్, అంటే అవతలి లాయర్ అడిగినది. క్రాస్‌లో ప్రశ్నలు ఉండవు, జవాబులే ఉంటాయి. అందుకే చదువుతుంటే గందరగోళంగా ఉంటుంది. నేనూ ఆ కేసులో సాక్షినే. నా డిపోజిషన్‌లో ఒక లైను తెలుగులో చెబితే ఇలా ఉంది: 'మా నాన్న తాగి రోడ్డుకు అడ్డంగా వచ్చారనడం నిజం కాదు.' అది చదివి మా అమ్మ ఏడ్చేసింది. తాగుడు మాట నువ్వెందుకు ఎత్తావని నన్ను అడిగింది. ఎత్తింది నేను కాదు. అవతలి లాయర్ అలా అని సూచించారు, నేను కాదన్నాను, రికార్డులో ఆ రెండూ కలిసి ఒక వాక్యమైంది. మీ కట్టలో 'నిజం కాదు' అన్న వాక్యాలన్నీ ఇలాగే చదవండి. అవి అవతలి వాళ్ల వాదన ఏమిటో చెబుతాయి.

దాని పైన ఇంకో లైను ఉంది. 'ప్రమాదం జరగడం నేను కళ్లారా చూడలేదు.' ఇది నేను చెప్పిన నిజమే. అరుపులు విని పరుగెత్తాను, వెళ్లేసరికి నాన్న కింద ఉన్నారు, లారీ ఆగి ఉంది, డ్రైవర్ లేడు. చూసిన మనిషి టీకొట్టు ఆయన, పీడబ్ల్యూ-2. ఆయన కోర్టులో తనకేమీ తెలియదన్నాడు. సాక్షి ఎదురు తిరిగాడు, హోస్టైల్ అని రాశారు. మోటార్ వెహికల్ ఇన్‌స్పెక్టర్ రిపోర్టు బండిలో మెకానికల్ లోపం లేదని మాత్రమే చెబుతుంది, ఎవరు ఎలా నడిపారో చెప్పదు. పోస్టుమార్టం రిపోర్టు ఎలా చనిపోయారో చెబుతుంది, అంతే. ఇవన్నీ పేర్చి చూసుకున్నాక తీర్పు మళ్లీ తీశాను. 'తేల్చవలసిన అంశం' దగ్గర మొదలుపెట్టి చదివితే జడ్జి గారు మూడు పేరాల్లో చెప్పింది ఇదే: ఆ రోజు ఆ లారీ నడిపింది ఈ ముద్దాయే అని రికార్డులో ఎవరూ చెప్పలేదు. సంశయ లాభం ఇచ్చి, అంటే అనుమానం మిగిలింది కాబట్టి దాన్ని ముద్దాయికి అనుకూలంగా తీసుకుని, సీఆర్‌పీసీ (పాత క్రిమినల్ ప్రొసీజర్ చట్టం) 255(1) సెక్షన్ కింద వదిలారు. నాన్న తప్పుందని ఆ తీర్పులో ఎక్కడా లేదు. అది అమ్మకు చదివి వినిపించాను.

సెక్షన్ నంబర్ల గురించి ఒక మాట. మీ కేసు 2024 జూలై 1 కంటే ముందుది కాబట్టి పాత శిక్షా చట్టం ఐపీసీ లోని 304-ఏ (అజాగ్రత్త వల్ల మరణం) అనే ఉంటుంది. ఆ తేదీ నుంచి జరిగిన ప్రమాదాలకు అదే నేరం కొత్త చట్టం బీఎన్ఎస్ లో 106(1). కొత్త నంబర్లతో గూగుల్ చేసి కంగారు పడకండి.

ఇప్పుడు అర్జెంటుగా చేయాల్సినవి. తీర్పు సర్టిఫైడ్ కాపీ మీ దగ్గర ఉంటే దాని మీద వేసిన తేదీలు చూడండి, కాపీకి ఎప్పుడు అప్లై చేశారు, ఎప్పుడు సిద్ధమైంది అని ఉంటుంది. అప్పీలు గడువు లెక్కకు ఆ రోజులు కావాలి. కేసు కొట్టేసినప్పుడు బాధితులు కూడా అప్పీలు చేసుకోవచ్చని 2009 చివరి నుంచి చట్టంలో ఉంది, చనిపోయినవారి వారసులూ బాధితుల లెక్కలోకే వస్తారు. మెజిస్ట్రేట్ కోర్టు తీర్పు మీద సెషన్స్ కోర్టుకు వెళ్లాలి. ఆలస్యం చేయకుండా లాయర్ గారిని అడగండి. నష్టపరిహారం కోసం వేసిన ఎంవీఓపీ ఉంటే, క్రిమినల్ కేసు పోయినంత మాత్రాన అది పోదు. అక్కడ అనుమానానికి తావు లేకుండా రుజువు చేయాల్సిన పని లేదు, ఏది ఎక్కువ నమ్మదగ్గదో చూస్తారు. మా నాన్న కేసులో ఓనర్ ఇచ్చిన ఆ 133 జవాబు సర్టిఫైడ్ కాపీ తీసి ట్రిబ్యునల్లో వేశాం. అక్కడ అది ఎక్జిబిట్‌గా మార్క్ అయింది.