వీపీఎన్ కాన్ఫిగ్ ఫైళ్ల (కనెక్షన్ సెట్టింగులు ఉండే ఫైళ్లు) వివరాలు ఫైల్లోనే రాసుకుంటే చాలదా, వాటిని వెతుక్కోవడానికి వేరే కమాండ్ లైన్ టూల్ ఎందుకు?

రాసుకోవచ్చు. వైర్‌గార్డ్ అనే వీపీఎన్ ప్రోగ్రామ్ కాన్ఫిగ్ ఫైల్లో హ్యాష్ గుర్తు (#) పెట్టి రాసింది ప్రోగ్రామ్ పట్టించుకోదు కాబట్టి, పైన "ఆఫీసు ల్యాప్‌టాప్, జర్మనీ సర్వర్" అని ఒక ముక్క రాసిపెట్టుకోవచ్చు. చిక్కల్లా సేవ్‌కాన్ఫిగ్ అనే సెట్టింగ్ ఆన్‌లో ఉన్నప్పుడే. కనెక్షన్ ఆపగానే ఫైల్‌ని ప్రోగ్రామే తిరగరాస్తుంది, మీ కామెంట్లన్నీ మాయం. నావి ఒకసారి అలాగే పోయాయి.

పోనీ పేరులోనే అన్నీ ఇరికిద్దామా అంటే అదీ కుదరదు. వైర్‌గార్డ్ కనెక్షన్‌ను ఆన్, ఆఫ్ చేసే డబ్ల్యూజీ-క్విక్ కమాండ్‌లో ఫైల్ పేరే ఇంటర్‌ఫేస్ పేరు, అంటే ఆ కనెక్షన్‌కి సిస్టమ్‌లో ఉండే పేరు అవుతుంది, లినక్స్‌లో దానికి 15 అక్షరాలే హద్దు.

అందుకే ఫైళ్లు వెతికిపెట్టే కమాండ్ లైన్ టూల్ దేశం, గడువు తేదీ, ట్యాగులు వంటి మెటాడేటాను పక్కన ఇంకో ఫైల్లో, జేసన్, యామల్ వంటి టెక్స్ట్ ఫార్మాట్‌లో దాచడం మేలు. అసలు ఫైల్‌ని ముట్టుకోనక్కర్లేదు. "జర్మనీ" అని వెతికితే ఆ ఫైళ్లు మాత్రమే చూపించి, మీరు ఎంచుకున్నదాన్ని డబ్ల్యూజీ-క్విక్‌కి అప్పగిస్తే టూల్ పని అయిపోయినట్టే. నాలుగైదు ఫైళ్లే ఉంటే మాత్రం ఇదంతా అనవసరం, ఒక టెక్స్ట్ ఫైల్ చాలు.

అన్నట్టు, ప్రైవేట్ కీ (మీ కనెక్షన్ రహస్య తాళంచెవి) సాధారణంగా కాన్ఫిగ్ ఫైల్లోనే ఉంటుంది. దాన్ని మీరు తప్ప వేరే యూజర్లు చదవకుండా పర్మిషన్ 600 పెట్టండి. మెటాడేటాను గిట్‌లో (ఫైళ్ల మార్పుల చరిత్రను దాచే టూల్) పెట్టినా, కాన్ఫిగ్ ఫైళ్లను మాత్రం పెట్టకండి.