న్యాయ సలహా: యాక్సిడెంట్ కేసుల వకీలు – చదువు, పని, ఫీజు

రోడ్డు ప్రమాదం జరిగిన ఇళ్ల నుంచి, ఆ కేసులు నడపాలనుకునే కొత్త వకీళ్ల నుంచి వచ్చిన ప్రశ్నల్లో ఐదింటికి ఈసారి జవాబులు ఇస్తున్నాం.

ప్ర: ఎల్‌ఎల్‌బి ఆఖరి సంవత్సరంలో ఉన్నాను. యాక్సిడెంట్ క్లెయిములు నేర్చుకోవాలని ఉంది. "అవి లెక్కల కేసులు, అందులో వాదించడానికేముంది" అంటున్నారు ఇంట్లో. డిగ్రీ తర్వాత ఏం చేయాలి? సొంతంగా కేసు నడపడానికి ఎన్నేళ్లు పడుతుంది? – ఒక పాఠకురాలు, ఖమ్మం

జ: మన దేశంలో యాక్సిడెంట్ కేసులకని వేరే పట్టా గానీ లైసెన్సు గానీ లేవు. ఎల్‌ఎల్‌బి అయ్యాక తెలంగాణ బార్ కౌన్సిల్‌లో పేరు నమోదు చేయించుకోవాలి. నమోదుకు 750 రూపాయలు, ఎస్సీ, ఎస్టీలకు 125 రూపాయలు మించి తీసుకోకూడదని 2024 జులైలో సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. నమోదైన రెండేళ్ల లోపు ఆల్ ఇండియా బార్ పరీక్ష పాసవ్వాలి. వంద ప్రశ్నలుంటాయి, పాస్ మార్కులు 45, ఎస్సీ, ఎస్టీలకు 40. ఆ తర్వాతే సర్టిఫికెట్ ఆఫ్ ప్రాక్టీస్ చేతికొస్తుంది.

ఇంట్లోవాళ్లు అన్నదాంట్లో సగం నిజముంది. లెక్క ఉంటుంది. కాకపోతే ఆ లెక్కలోకి వచ్చే ప్రతి అంకెనూ సాక్ష్యంతో నిలబెట్టాలి, అక్కడే వకీలు పనితనం తేలుతుంది. ఎం.వి.ఓ.పి. (యాక్సిడెంట్ క్లెయిము పిటిషన్) కట్ట చేతికి రాగానే ఎఫ్‌ఐఆర్, ఛార్జిషీట్, వూండ్ సర్టిఫికెట్, ఎం.వి.ఐ. (మోటారు వాహనాల ఇన్‌స్పెక్టరు) రిపోర్టు, ఆస్పత్రి కేస్ షీట్ పక్కపక్కన పెట్టుకుని తేదీలు, గంటలు సరిచూడాలి. క్యాజువాలిటీలో మొదట "బండి మీంచి పడ్డాడు" అని మాత్రమే రాసి ఉండి, మూడు రోజుల తర్వాత ఎఫ్‌ఐఆర్‌లో లారీ నంబరు కనిపించిందనుకోండి. ఇన్సూరెన్స్ కంపెనీ వకీలు క్రాస్ (ఎదుటి పక్షం సాక్షిని ప్రశ్నించడం) అంతా దానిమీదే నడుపుతాడు. ఎఫ్‌ఐఆర్ ఆలస్యమైందన్న ఒక్క కారణంతో క్లెయిము కొట్టెయ్యకూడదని సుప్రీంకోర్టు 2011లోనే రవి, బద్రీనారాయణ్ కేసులో చెప్పింది. ఆలస్యం ఎందుకైందో మాత్రం ఎవరో ఒకరు బోనెక్కి చెప్పాలి. మనిషికి స్పృహ లేదా, ఇంట్లోవాళ్లంతా ఐసీయూ బయటే ఉన్నారా, నంబరు చూసిన సాక్షి ఎప్పుడు దొరికాడు? చీఫ్ అఫిడవిట్‌లోనే (మన సాక్షి ముందుగా రాసిచ్చే వాంగ్మూలం) ఆ రెండు మాటలు రాయకపోతే, క్రాస్‌లో చెప్పింది అప్పటికప్పుడు అల్లినట్టు వినిపిస్తుంది. అలాంటి చోట పోయిన కేసులు చాలా ఉన్నాయి.

పాలసీ కాగితం మొత్తం చదవడం అలవాటు చేసుకోండి. బైకుకు థర్డ్ పార్టీ వరకే ఉండే యాక్ట్ పాలసీ అయితే వెనక కూర్చున్న మనిషికి ఆ పాలసీ వర్తించదు, ప్యాకేజీ (కాంప్రహెన్సివ్) పాలసీ అయితే వర్తిస్తుంది. కంపెనీలు వేసే కౌంటర్లలో (జవాబు పత్రాల్లో) తరచూ కనిపించే ఇంకో అభ్యంతరం డ్రైవర్ లైసెన్సు. ఎల్‌ఎమ్‌వి (తేలికపాటి వాహన) లైసెన్సుతో 7,500 కిలోలకు మించని రవాణా వాహనాన్ని నడపొచ్చని 2024 నవంబరులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం తేల్చేసింది. ఆ తీర్పు కాపీ బల్ల మీదే ఉంచుకోండి.

సీనియర్‌ని ఎంచుకునేటప్పుడు ఆయన దగ్గర ఎన్ని ఫైళ్లున్నాయని అడక్కండి, నెలకు ఎన్ని క్రాస్‌లు జరుగుతాయో వాకబు చెయ్యండి. కట్టలన్నీ లోక్ అదాలత్‌లో రాజీ చేసే ఆఫీసులో పిటిషన్ డ్రాఫ్టింగ్ వస్తుంది గానీ ట్రయల్ రాదు. వీలైతే ఇన్సూరెన్స్ కంపెనీ ప్యానెల్ వకీలు దగ్గర ఒక ఏడాదైనా పనిచేయండి. క్లెయిమును ఎక్కడ కొడతారో అక్కడ తెలిసినట్టు ఇంకెక్కడా తెలియదు. డాక్టరును ఒంటరిగా చీఫ్ చేయగల (మన సాక్షిగా ప్రశ్నలడిగి సాక్ష్యం చెప్పించగల) ధైర్యం రావడానికి మూడేళ్లు పడుతుందని మా అంచనా. తొందరపడొద్దు.

ప్ర: మా నాన్నగారికి ఆటో గుద్ది కాలు విరిగింది. ఆస్పత్రిలో ఉండగానే ఒకతను వచ్చి "మా సారు యాక్సిడెంట్ స్పెషలిస్టు, ముందు పైసా ఇవ్వక్కర్లేదు, వచ్చినదాంట్లో మూడో వంతు" అని ఖాళీ వకాల్తా (కేసు నడిపే అధికారమిచ్చే కాగితం) మీద సంతకం అడిగాడు. పెట్టొచ్చా? – తెనాలి

జ: పెట్టకండి. బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా నియమాల్లో 20వది, ఫలితాన్ని బట్టి ఫీజు మాట్లాడుకోవడాన్నీ, వచ్చే సొమ్ములో వాటా తీసుకోవడాన్నీ వకీళ్లకు నిషేధించింది. 36వ నియమం ప్రకారం మనుషుల్ని పంపి కేసులు పట్టకూడదు, బోర్డు మీద ఫలానా కేసుల స్పెషలిస్టునని రాసుకోకూడదు. 2008 సవరణ తర్వాత సొంత వెబ్‌సైట్‌లో చదువు, నమోదు వివరాలు, ఏయే కేసులు చూస్తారన్నది పెట్టుకోనిచ్చారు, అంతవరకే. అంటే మీ దగ్గరికి వచ్చిన మనిషి చెప్పిన ఒక్క మాటలోనే రెండు నియమాలు తప్పాయి. వాటా పద్ధతి ఊళ్లలో నడుస్తోందని అందరికీ తెలుసు. అయినా దాని నష్టం మీ ఇంటికే. వాటా కోసం చూసేవాడికి, డాక్టరును పిలిపించి రెండేళ్లు ట్రయల్ నడపడం కన్నా వచ్చే నెల లోక్ అదాలత్‌లో తక్కువకు తేల్చుకోవడమే లాభం. లోక్ అదాలత్ అవార్డు మీద అప్పీలు లేదని మర్చిపోవద్దు.

వకీలు గురించి తెలుసుకోవడం కష్టమేం కాదు. ఎన్‌రోల్‌మెంట్ నంబరు అడగండి. ఏ రాష్ట్ర బార్ కౌన్సిల్, ఏ నంబరు, ఏ సంవత్సరం అన్నవి అందులోనే ఉంటాయి. తర్వాత ఈ-కోర్ట్స్ సైటులో గానీ యాప్‌లో గానీ కేస్ స్టేటస్ కింద అడ్వకేట్ అన్న చోట పేరు లేదా బార్ నంబరు కొడితే, ఆ కోర్టులో ఆయన కేసులు కనిపిస్తాయి. ఎం.వి.ఓ.పి.లు ఎన్ని ఉన్నాయో, అందులో సాక్ష్యం దాకా వెళ్లి తీర్పు వచ్చినవి ఏవో, వాయిదాకు హాజరుకాక డిస్మిస్ అయినవి ఏవో చూడండి. గోడ మీద ఫొటోలు, సన్మాన పత్రాలు చెప్పనిది ఆ జాబితా చెబుతుంది.

ఫీజు ముందే మాట్లాడుకుని కాగితం మీద రాయించుకోండి. ఖర్చులు వేరే, ఫీజు వేరే అని ఉండాలి. పరిహారం పడే బ్యాంకు ఖాతా నాన్నగారి పేరునే ఉండాలి, పాస్‌బుక్కూ చెక్కుబుక్కూ మీ ఇంట్లోనే ఉండాలి. సంతకం పెట్టిన ఖాళీ చెక్కు ఎవరికీ ఇవ్వొద్దు. ఆడవాళ్లకు, పిల్లలకు, ఎస్సీ, ఎస్టీలకు, వికలాంగులకు ఆదాయంతో సంబంధం లేకుండా జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా వకీలును ఇస్తుంది. మిగతావారికి ఆదాయ పరిమితి ఉంది. 15100కు ఫోన్ చేయండి.

గడువు మాట. 2022 ఏప్రిల్ 1 నుంచి, ప్రమాదం జరిగిన ఆరు నెలల లోపు క్లెయిము వేయాలి. ఈ గడువు చెల్లుతుందా లేదా అన్న వివాదం సుప్రీంకోర్టు దాకా వెళ్లింది గానీ, దాన్ని నమ్ముకుని ఆగొద్దు. ప్రమాదం ఎక్కడ జరిగినా మీరు నివసించే చోట యాక్సిడెంట్ క్లెయిములు వినే ట్రిబ్యునల్‌లో కూడా వేసుకోవచ్చు. పోలీసులు 48 గంటల్లో మొదటి ప్రమాద నివేదిక, 90 రోజుల్లో పూర్తి నివేదిక ట్రిబ్యునల్‌కు పంపాలి. వాటి కాపీ అడిగి తీసుకోండి.

ప్ర: టైల్స్ పని చేసే మా తమ్ముడికి 32 ఏళ్లు. నెలకు 18,000 సంపాదన. ప్రమాదంలో కుడికాలుకు 45 శాతం వైకల్యమని మెడికల్ బోర్డు సర్టిఫికెట్ ఇచ్చింది. "సర్టిఫికెట్ ఉందిగా, డాక్టరును పిలవక్కర్లేదు" అంటున్నారు మా వకీలు గారు. సరేనా? – కాకినాడ

జ: సరికాదు. ఈ ఒక్కచోటే మీ తమ్ముడు లక్షలు పోగొట్టుకోవచ్చు, కాబట్టి లెక్క వేసి చూపిస్తాం.

సొంత పని చేసుకునే నలభై లోపువారికి భవిష్యత్ సంపాదన కింద 40 శాతం కలపాలని 2017లో ప్రణయ్ సేఠీ తీర్పు చెప్పింది. ఏడాదికి 2,16,000, దానికి 40 శాతం కలిపితే 3,02,400. 31–35 ఏళ్లవారికి 2009 నాటి సరళా వర్మ తీర్పు ప్రకారం గుణకం (ఏడాది సంపాదనను ఎన్నింతలు చేయాలో చెప్పే అంకె) 16. మొత్తం 48,38,400. మరణించిన కేసుల్లో సొంత ఖర్చుల కింద తీసేసే భాగం గాయాల కేసుల్లో తీసెయ్యరు. ఇక మిగిలింది, ఇందులో ఎంత శాతం సంపాదన పోయిందన్న ప్రశ్న.

45 శాతం కాలుకు సంబంధించిన అంకె. ఒళ్లంతటికీ లెక్కేస్తే 15 శాతమేనని కంపెనీ వకీలు వాదిస్తాడు. అదే ఒప్పుకుంటే వచ్చేది 7,25,760. అసలు చూడాల్సింది సంపాదించే శక్తి ఎంత తగ్గిందన్నదని సుప్రీంకోర్టు రాజ్‌కుమార్, అజయ్‌కుమార్ కేసులో స్పష్టంగా చెప్పింది. టైల్స్ వేసేవాడు రోజంతా గొంతుకూర్చుని, మోకాళ్ల మీద జరుగుతూ పని చేయాలి. మోకాలు వంగకపోతే ఆ పని లేదు. బల్ల దగ్గర కూర్చుని పనిచేసే గుమాస్తాకు అదే గాయమైతే నష్టం చాలా తక్కువ. ఈ తేడా ట్రిబ్యునల్ నమ్మి 40 శాతం వేస్తే 19,35,360 వస్తుంది. తేడా పన్నెండు లక్షల పైమాటే.

ఆ నమ్మకం కలిగించేది డాక్టరు నోటి మాట. అదే తీర్పులో, తేలిగ్గా దొరికే సర్టిఫికెట్లను అలాగే తీసుకోవద్దని, వైద్యం చేసిన లేదా వైకల్యం అంచనా వేసిన డాక్టరును విచారించాలని ట్రిబ్యునళ్లకు చెప్పారు. పింఛను కోసం తెచ్చుకున్న సదరం సర్టిఫికెట్ ఉంటే దాఖలు చేయండి, దానితో సరిపెట్టుకోవద్దు. ఆపరేషన్ చేసిన ఎముకల డాక్టరును సాక్షిగా పిలిపించమని వకీలు గారిని గౌరవంగా, రాతపూర్వకంగా అడగండి. డాక్టరు కోర్టుకు రాలేనంటే ఆస్పత్రిలోనే సాక్ష్యం రాసుకునేందుకు అడ్వకేట్ కమిషనర్‌ను వేయమని పిటిషన్ పెట్టొచ్చు. ఆయన్ని అడగాల్సినవి: మోకాలు ఎన్ని డిగ్రీలు వంగుతోంది, కాలు పొట్టిదైందా, లోపలి రాడ్డు తీయడానికి మళ్లీ ఆపరేషన్ కావాలా, దానికెంతవుతుంది, గొంతుకూర్చోగలడా. కేస్ షీట్, ఎక్స్‌రేలు ఆయన చేతిలో ఉండగా అడగాలి. లేకపోతే క్రాస్‌లో "రికార్డు చూడకుండా చెబుతున్నారు" అనేస్తారు.

సంపాదనకు కూడా సాక్షి కావాలి. పని ఇచ్చిన మేస్త్రీనో కాంట్రాక్టరునో తీసుకెళ్లండి. ఫోన్‌పేలోనో బ్యాంకులోనో కూలి పడినట్టుంటే ఆ స్టేట్‌మెంటు కూడా పెట్టండి. పిటిషన్‌లో తక్కువ అడిగామే అని బెంగ వద్దు. న్యాయమైన పరిహారం అడిగినదానికన్నా ఎక్కువైనా ట్రిబ్యునల్ ఇవ్వొచ్చని 2002లో నాగప్ప కేసులో తేలింది.

ప్ర: మా అన్నయ్య డాలస్‌లో ఉంటాడు. కారు ప్రమాదంలో నడుముకు దెబ్బ తగిలింది. అక్కడ ఏ హైవే మీద చూసినా లాయర్ల హోర్డింగులేనట. ఎవరిని నమ్మాలి? ఫలితం మీద ఫీజు అక్కడ సబబేనా? – వరంగల్

జ: అక్కడ చట్టబద్ధమే. ఒప్పందం మాత్రం రాతపూర్వకంగా ఉండాలి. దావా వేయకముందు రాజీ అయితే మూడో వంతు, వేశాక 40 శాతం అన్నది తరచూ కనిపించే పద్ధతి. సంతకానికి ముందు ఒక్కటి తేల్చుకోమనండి: ఖర్చులు తీసేశాక మిగిలినదాని మీద శాతమా, మొత్తం మీద శాతమా? లక్ష డాలర్లకు రాజీ అయి ఖర్చులు 15,000 అయితే, మూడో వంతు లెక్కన ఆ తేడా 5,000 డాలర్లు. తన హెల్త్ ఇన్సూరెన్స్ కంపెనీ చికిత్సకు పెట్టిన డబ్బు తిరిగి అడిగే హక్కు ఉంటే, దాన్ని తగ్గించే బేరం లాయరే చేస్తారా అన్నదీ అడగాలి.

టెక్సస్‌లో లాయరు కావాలంటే సాధారణంగా డిగ్రీ తర్వాత మూడేళ్ల జేడీ (న్యాయ డిగ్రీ) చదివి, బార్ పరీక్ష పాసవ్వాలి. లైసెన్సు ఉందా, క్రమశిక్షణ చర్యలేమైనా ఉన్నాయా అన్నది స్టేట్ బార్ ఆఫ్ టెక్సస్ సైటులో పేరు కొడితే కనిపిస్తుంది. దానిపైన చూడాల్సిన అర్హత టెక్సస్ బోర్డ్ ఆఫ్ లీగల్ స్పెషలైజేషన్ ఇచ్చే పర్సనల్ ఇంజ్యూరీ ట్రయల్ లా సర్టిఫికెట్. కనీసం ఐదేళ్ల ప్రాక్టీసు, ట్రయల్ అనుభవం, తోటి లాయర్లు, జడ్జిల అభిప్రాయం, విడిగా ఒక పరీక్ష, ఇన్ని దాటితేనే అది వస్తుంది. ఐదేళ్లకోసారి మళ్లీ అర్హత నిరూపించుకోవాలి. 1958లో మొదలైన అమెరికన్ బోర్డ్ ఆఫ్ ట్రయల్ అడ్వకేట్స్‌లో సభ్యత్వానికి కూడా జ్యూరీ ముందు నడిపిన ట్రయళ్ల లెక్క చూస్తారు. సభ్యత్వ రుసుము కడితే వచ్చే ఫలకాలు చాలా ఉన్నాయి, వాటిని పట్టించుకోవద్దు.

ఫోన్‌లో సూటిగా అడగమనండి: గత మూడేళ్లలో జ్యూరీ తీర్పు దాకా ఎన్ని కేసులు నడిపారు, నా కేసు మీరే నడుపుతారా, వేరే ఆఫీసుకు పంపుతారా? ప్రకటనలిచ్చే ఆఫీసులు కొన్ని కేసును ఇంకొకరికి ఇచ్చి ఫీజు పంచుకుంటాయి, దానికి అన్నయ్య రాతపూర్వక అనుమతి ఉండాలి. ఆస్పత్రికి మనిషిని పంపి కేసు అడగడం టెక్సస్‌లో నేరం. దావాకు గడువు మామూలుగా రెండేళ్లు. గుద్దింది సిటీ బస్సో ప్రభుత్వ వాహనమో అయితే నోటీసుకు ఆరు నెలలే, కొన్ని నగరాల్లో అంతకన్నా తక్కువ. అలాగైతే ఈ వారమే లాయరును కలవాలి.

ప్ర: వకీలును మార్చుకుందామంటే, బాకీ ఫీజు కట్టేదాకా ఫైలు ఇవ్వనంటున్నారు. వినియోగదారుల కోర్టుకు వెళ్లొచ్చా? – నిజామాబాద్

జ: వెళ్లలేరు. వకీళ్ల సేవలు వినియోగదారుల చట్టం కిందికి రావని 2024 మే 14న సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. అలాగని ఫైలు ఆపే హక్కు ఆయనకూ లేదు. ఫీజు కోసం కక్షిదారు కాగితాలు పట్టి ఉంచకూడదని 2000లో ఆర్.డి. సక్సేనా కేసులో అదే కోర్టు చెప్పింది. బాకీ ఉంటే విడిగా రాబట్టుకోవాలి.

ముందు నో అబ్జెక్షన్ (వకీలును మార్చుకోవడానికి అభ్యంతరం లేదన్న కాగితం) అడగండి. ఇవ్వకపోతే ఫైలు తిరిగివ్వమని రిజిస్టర్డ్ పోస్టులో ఉత్తరం రాసి, రసీదు దాచుకోండి. కొత్త వకీలు ద్వారా పాత వకాల్తా రద్దుకు ట్రిబ్యునల్ అనుమతి కోరండి. దాఖలైన పత్రాల సర్టిఫైడ్ కాపీలకు అదే రోజు దరఖాస్తు పెడితే కేసు ఆగదు. అప్పటికీ కదలిక లేకపోతే అడ్వకేట్స్ చట్టం 35వ సెక్షన్ కింద తెలంగాణ బార్ కౌన్సిల్‌కు ఫిర్యాదు చేయండి, ఆ పోస్టు రసీదు జతచేసి.