స్టఫ్ చేసిన పిల్లికి మీసాలు నిలవాలంటే

ఇంట్లో పెంచుకున్న పిల్లి చనిపోయిందనీ, దానిని స్టఫ్ చేసి, అంటే తోలు ఒలిచి లోపల నింపి బతికున్నట్టు నిలిపి, దాచుకోవాలనుకుంటున్నారనీ, అయితే అంతకు ముందు చేయి తిరగడానికి చేసిన కుందేలుకు మీసాలన్నీ ఊడిపోవడంతో భయపడుతున్నారనీ రాశారు. హైదరాబాద్‌లో ఒక డిగ్రీ కళాశాల జంతుశాస్త్ర విభాగంలో మ్యూజియం నమూనాలు తయారుచేసే పని చాలాకాలం చేసినవాణ్ణి కనుక నా అనుభవంలో ఉన్నది చెబుతాను.

మీసాలు ఊడిపోవడం ఆఖరున కనిపించినా, అవి ఉంటాయో పోతాయో తోలు ఒలిచిన రోజే తేలిపోతుంది. మామూలు వెంట్రుక కుదురు కంటే మీసపు కుదురు చాలా లోతుగా, చుట్టూ రక్తం నిండిన చిన్న తిత్తిలో ఉంటుంది. మూతి తోలును తిరగదీసి చూస్తే ఈ కుదుళ్లు జొన్నకంకి మీద గింజల్లా వరుసలు తీరి కనిపిస్తాయి. పిల్లికి ఒక్కో వైపు నాలుగు వరుసల్లో సుమారు 12 ఉంటాయి. తోలు పలచబడాలని అక్కడి కండను నున్నగా గీకేస్తే కుదుళ్లు తెగిపోతాయి, ఇక ఏ మందు పెట్టినా మీసం నిలవదు. అలాగని కండను మందంగా వదిలేస్తే ఉప్పు లోపలికి దిగక కుళ్లు మొదలవుతుంది, అప్పుడు వేలు తగిలితే చాలు మీసం జారిపోతుంది. అందువల్ల కుదుళ్ల జోలికి పోకుండా, వరుసల మధ్య సన్నని సర్జికల్ బ్లేడు మొనతో గాట్లు పెట్టి, ఆ గాట్లలోకి మెత్తగా దంచిన ఉప్పును వేలితో అదిమి పట్టించాలి. మీ కుందేలు విషయంలో ఈ రెండింటిలో ఏదో ఒకటి జరిగి ఉంటుందని నా అనుమానం.

మన ఎండాకాలంలో ఆలస్యం అసలు పనికిరాదు. వెంటనే తోలు ఒలవడం కుదరకపోతే మూతికి తడిగుడ్డ చుట్టి, మీసాలు మడతపడకుండా చూసి ఫ్రీజర్‌లో పెట్టండి. వంగిన మీసాన్ని గురించి దిగులు అక్కరలేదు, గోరువెచ్చని నీటితో తడిపి తిన్నగా పట్టి ఆరనిస్తే సర్దుకుంటుంది.

ఆరేటప్పుడు తోలు బిగుసుకుని పై పెదవిని పైకి లాగుతుంది, దానితో పాటు మీసాల దిశ కూడా మారుతుంది. కాబట్టి వరుసలకు కిందా పైనా అట్టముక్కలు పెట్టి గుండుసూదులతో ఆపి, రోజూ ఒకసారి చూసుకోవాలి. ఏ దిశలో నిలపాలన్నది భంగిమను బట్టి ఉంటుంది: వేటకు పొంచి ఉన్న పిల్లి మీసాలు ముందుకు వస్తాయి, బెదిరినప్పుడు చెంపలకు అతుక్కుంటాయి, ఊరికే కూర్చున్నప్పుడు పక్కలకు చాచి ఉంటాయి. నిద్రపోతున్న పిల్లికి వేట మీసాలు పెట్టిన నమూనాలు నేను చూశాను, ముఖమే అబద్ధంగా కనిపిస్తుంది.

ఒకవేళ కొన్ని రాలినా పారేయకండి. ఏ వైపువో, ఏ వరుసవో రాసి కాగితంలో మడిచి ఉంచండి. తోలు పూర్తిగా ఆరాక, పాత రంధ్రాన్నే సన్నని సూదితో విప్పి, మీసం లావు కొసకు కొద్దిగా ఫెవికాల్ తాకించి గుచ్చాలి. పొడవైనవి వెనక, పొట్టివి ముక్కు దగ్గర ఉండాలి. ఫెవిక్విక్ వాడితే చుట్టూ తెల్లటి పొర కడుతుంది, నల్లపిల్లి మూతి మీద అది కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. మీసానికి బదులు నైలాన్ దారం పెడితే, దాని కొస సన్నబడదు కనుక నకిలీ అని ఇట్టే తెలిసిపోతుంది. దాని కంటే రెండు మీసాలు తక్కువగా ఉన్న అసలు ముఖమే నాకు నచ్చుతుంది. పిల్లి బతికుండగా ఇంట్లో సహజంగా రాల్చిన మీసాలు ఎక్కడైనా దొరికితే అంతకంటే మంచి బదులు లేదు.

పెంపుడు పిల్లి కాబట్టి మీకు చట్టపరమైన చిక్కు లేదు కానీ, చేయి తిరిగింది కదా అని అడవిపిల్లి, ముంగిస వంటి వాటి జోలికి వెళ్లకండి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం వాటికి వర్తిస్తుంది.

పని పూర్తయ్యాక బొమ్మను మూత ఉన్న గాజు పెట్టెలో ఉంచండి. తోలు పురుగులు మూతిని, మీసాల మొదళ్లను కూడా తింటాయి. దుమ్ము పడితే గుడ్డతో తుడవకుండా, మెత్తని కుంచెతో మొదలు నుంచి కొస వైపుకు దులపండి.