ఆరుబయట చదువు ఎత్తేస్తే నిజంగా ఎంత మిగులుతుంది?

ప్రభుత్వ బడులకు డబ్బు చాలనప్పుడు, పిల్లల్ని బయటికి తీసుకెళ్లి నేర్పే కార్యక్రమాలు ఎత్తేయడం సబబేనా అని అడిగారు. నా లెక్కలో కాదు. కానీ వాటిలో కోయదగినవి మాత్రం ఉన్నాయి.

బడ్జెట్‌లో ఒకే వరుసగా కనిపించే ఆ పద్దును ముందు విప్పండి. బస్సు, రాత్రి బస, భోజనం, బీమా, బయటికెళ్లిన టీచరు బదులు క్లాసు చూసే మనిషి, పనిముట్లు, టీచర్ల శిక్షణ అన్నీ అందులోనే ఉంటాయి. అసలు పాఠానికి అయ్యేది చివరి రెండే, బరువంతా సాధారణంగా బస్సుదీ బసదీ. కాబట్టి కత్తెర పడాల్సింది దూరం మీద.

బస్సు సగం నిండినా, పూర్తిగా నిండినా అద్దె ఒకటే. 50 సీట్ల బస్సులో 25 మంది వెళ్తే తలకు రెట్టింపు పడుతుంది. పక్క బడితో కలిసి బస్సు నింపుకోవడం అన్నిటికంటే తేలికైన ఆదా. బస శిబిరం ఉన్నచోట పిల్లల సంఖ్యను సగానికి తగ్గిద్దామనే ఆలోచన మాత్రం ప్రమాదం. అక్కడి సిబ్బంది జీతాలు, నిర్వహణ సగానికి తగ్గవు. తలసరి ఖర్చు పెరుగుతుంది, మరుసటి ఏడాది ఆ అంకె చూపించే మొత్తం ఎత్తేస్తారు. అమెరికాలోని ఒరెగాన్ రాష్ట్రంలో 2016లో ప్రజల ఓటుతో లాటరీ ఆదాయంలో కొంత వాటాను ఐదు, ఆరు తరగతుల పిల్లల ఆరుబయట బడికి కేటాయించారు. జీతాల పద్దుతో పోటీ పడకుండా వేరే మూట ఉంటే ఆ గొడవ చాలావరకు తప్పుతుంది.

ఇక నడిచి వెళ్లేంత దూరంలో జరిగే పాఠం. దీనికి డబ్బు కంటే టైమ్‌టేబుల్ ముఖ్యం. 45 నిమిషాల పీరియడ్‌లో వెళ్లి రావడానికి, కుదురుకోవడానికి 15 నిమిషాలు పోతే మిగిలేది 30. రెండు పీరియడ్లు పక్కపక్కన వేస్తే అదే 15 పోయి 75 మిగులుతాయి. పైసా ఖర్చు లేదు, హెడ్మాస్టరు ఒప్పుకుంటే చాలు.

ఉదాహరణకు మొక్కల లెక్కింపు. 4 మీటర్ల దారానికి మీటరుకో ముడి వేసి నాలుగు మేకులకు చుడితే చదరపు మీటరు చట్రం తయారు. దాన్ని నేల మీద వేసి లోపలి మొక్కలు లెక్కపెట్టి, అన్ని చట్రాల సగటు తీస్తారు. నలుగురికి ఒకటి చొప్పున 40 మందికి పది చట్రాలు. ఇది చెడేది ఎక్కడంటే, పిల్లలు పూలున్న చోటే చట్రం వేస్తారు, విసిరినా ఆ వైపే విసురుతారు. రెండు టేపులు లంబంగా పరిచి, ఒక్కో టేపుకు ఒక్కో అంకె చీటీ తీయించి, ఆ రెండు కొలతలు కలిసిన చోటే వేయించాలి. అలా చేయకపోతే తర్వాత వేసే సగటుకు అర్థం ఉండదు.

నీడ పాఠానికి మీటరు కర్ర ఒకటి చాలు. చదునైన నేలలో నాటి, రాయి కట్టిన దారంతో నిలువుగా ఉందో లేదో చూడండి. అతి చిన్న నీడ కోసం కాచుకుంటే తప్పొస్తుంది, మధ్యాహ్నం దగ్గర నీడ పొడవు దాదాపు మారదు. కర్ర మొదలు కేంద్రంగా, ఉదయం నీడ మొన మీదుగా వృత్తం గీయండి. మధ్యాహ్నం తర్వాత మొన మళ్లీ ఆ వృత్తాన్ని తాకిన చోట గుర్తు పెట్టండి. ఆ రెండు గుర్తులను కలిపే గీత తూర్పు పడమరలు చూపిస్తుంది. పాత జ్యోతిశ్శాస్త్రంలోని శంకువు (నిలువుగా నాటిన కర్ర) పద్ధతే ఇది. గడియారం 12 చూపినప్పుడే నడిమధ్యాహ్నం ఎందుకు కాదని ఎవరో ఒకరు తప్పక అడుగుతారు. గడియారం దేశమంతటికీ ఒకటే, కానీ రేఖాంశం ఒక డిగ్రీ జరిగితే నడిమధ్యాహ్నానికి 4 నిమిషాల తేడా వస్తుంది, ఆ పూట భూగోళం పాఠం కూడా అయిపోతుంది.

భద్రతలో మాత్రం ఆదా వద్దు. మామూలు నేల మీద 10–15 మందికి ఒక పెద్ద మనిషి, నీళ్ల దగ్గర ఇంకా తక్కువ మందికి ఒకరు. బయల్దేరేటప్పుడు, ఆగిన ప్రతిచోటా, తిరుగు ముఖం పట్టే ముందు తలలు లెక్కపెట్టాలి. మెరుపు కనిపించాక 30 సెకన్లలోపు ఉరుము వినిపిస్తే పాఠం ఆపి లోపలికి, చివరి ఉరుము తర్వాత 30 నిమిషాలు ఆగాకే బయటికి.

ఆరోగ్యం గురించి ఒక గట్టి ఆధారం ఉంది. చైనాలోని గ్వాంగ్‌జౌలో 12 బడుల ఒకటో తరగతి పిల్లల మీద చేసిన అధ్యయనం 2015లో వెలువడింది. సగం బడుల్లో రోజుకు 40 నిమిషాలు అదనంగా ఆరుబయట గడిపించారు. మూడేళ్లలో అక్కడ కొత్తగా హ్రస్వదృష్టి వచ్చినవారు 30.4 శాతం, మామూలు బడుల్లో 39.5 శాతం. అయితే ఇది రోజూ బయట ఉండడం గురించిన ఫలితం. ఏడాదికోసారి వెళ్లే శిబిరానికి దీన్ని సాక్ష్యంగా చూపించకండి, ఎదుటివాళ్లు పట్టేసుకుంటారు.

మొహమాటం లేకుండా కోసేయదగ్గవి: ఇరవై ఖాళీలున్న కాగితం పూరించడంతో ముగిసే దూరప్రయాణాలు, గంటసేపు తాడెక్కించి పంపే సాహసక్రీడల ప్యాకేజీలు, ఎవరి బాధ్యతా కాక బీరువాలో ముక్కలు పోగొట్టుకునే ఖరీదైన కిట్లు, సెలవుల్లో నీళ్లు పోసే వంతులు రాసుకోకుండానే మొదలుపెట్టే బడితోటలు. తల్లిదండ్రుల దగ్గర వసూలు చేసి నడుపుదామనే మాట కూడా వద్దు. కట్టలేనివాళ్ల పిల్లలకు ఆ రోజే జ్వరం వస్తుంది.

తాకకూడనిది, దీన్ని నడిపే టీచరుకు వారానికి ఇచ్చే రెండు మూడు పీరియడ్ల వెసులుబాటు. ఎవరి అనుమతి కావాలి, ఏ గట్టు వానలో జారుతుంది, ఏ పిల్లవాడికి తేనెటీగ కుడితే ప్రమాదం, ఇవన్నీ ఆ ఒక్కరి తలలోనే ఉంటాయి. ఆ పీరియడ్లు పోయాయంటే ఏడాదిలో ఆ ఎరుక పోతుంది, తర్వాత డబ్బొచ్చినా మొదటినుంచి మొదలే. ఆ టీచరుకు బదిలీ కాకముందే ఇవన్నీ ఒక నోటుపుస్తకంలో రాయించి, రెండో టీచరును కనీసం నాలుగు పాఠాలకు వెంట పంపండి.

సమావేశానికి వెళ్లే ముందు మూడంకెలు రాబట్టుకోండి: మొత్తంలో బస్సు వాటా ఎంత, కిందటేడు సగటున ఎన్ని సీట్లు నిండాయి, ఏడాది మధ్యలో రద్దు చేస్తే తిరిగిరాని అడ్వాన్సు ఎంత.