ఒంగోలులో డిగ్రీ చేసి అంతర్జాతీయ భద్రత, శాంతి పరిశోధనలోకి వెళ్లొచ్చా?

వెళ్లొచ్చు, కాకపోతే పీజీ ఎక్కడ చేశారన్నదే సగం తేల్చేస్తుంది. ఢిల్లీలో జేఎన్‌యూ, జామియా ఉన్నాయి. అంత దూరం ఎందుకనుకుంటే మద్రాసు యూనివర్సిటీలో రక్షణ, వ్యూహాత్మక అధ్యయనాల శాఖ ఉంది. పీజీలో 55 శాతం (రిజర్వేషన్ ఉంటే 50) తెచ్చుకుని నెట్ (యూజీసీ జాతీయ అర్హత పరీక్ష) రాయాలి. అందులో జేఆర్‌ఎఫ్ (పరిశోధనకిచ్చే ఫెలోషిప్) వస్తే మొదటి రెండేళ్లు నెలకు 37,000 రూపాయలు.

చాలామంది దెబ్బతినేది పీహెచ్‌డీ ప్రతిపాదన దగ్గరే. ‘భారత్-చైనా సంబంధాలు’ అని రాసుకెళితే ఇంటర్వ్యూలో నిలబడదు. ప్రశ్న చిన్నదిగా ఉండాలి: 2009లో శ్రీలంక యుద్ధం ముగిశాక కూడా తమిళనాడు, శ్రీలంక మధ్య ఉన్న పాక్ జలసంధిలో చేపలవేట గొడవలు ఎందుకు ఆగలేదు? తమిళనాడు మరబోట్లతో మన నెల్లూరు తీరం పడే తగాదా ఎరిగినవాళ్లకు ఇది కొత్తేం కాదు. తమిళం వస్తే సగం పని అయినట్టే.

డేటా వాడేముందు నిర్వచనం చూడండి. ప్రపంచ సంఘర్షణల డేటా సేకరించే స్వీడన్‌లోని ఉప్సలా యూనివర్సిటీ లెక్కలో ఏడాదికి కనీసం 25 పోరాట మరణాలు ఉంటేనే సాయుధ సంఘర్షణ. పడవల గొడవలు అందులో దొరకవు. పోలీసు కేసులు, స్థానిక పేపర్లు తిరగేయాల్సిందే.

మన కాలేజీల్లో పోస్టులు ఎక్కువగా రాజనీతిశాస్త్రం పేరుతోనే పడతాయి. నెట్ ఆ సబ్జెక్టులో రాయడం తెలివైన పని.