అగోమెలాటిన్ బదులు మెలటోనిన్ గమ్మీలు వాడొచ్చా?

నిద్ర పట్టడం లేదంటే డాక్టరు అగోమెలాటిన్ 25 రాశారు, ఇదీ మెలటోనిన్ లాంటిదే కదా, గమ్మీలు తెప్పించుకుంటే పోదా, లివర్ టెస్టు దేనికి అని అడిగారు. పోదండి. రెండూ దగ్గరి చుట్టాలే, చేసే పని మాత్రం వేరు. బెంగళూరు మారతహళ్లిలో ఉంటూ అమెరికా షిఫ్టు చేసే రోజుల్లో నాకూ ఇదే రాశారు.

మెలటోనిన్ అంటే నిద్రవేళైందని ఒంటికి చెప్పే హార్మోన్. దాన్ని 1958లో అమెరికాలోని యేల్ యూనివర్సిటీలో ఏరన్ లెర్నర్ బృందం పశువుల మెదడులోని పీనియల్ గ్రంథి నుంచి వేరుచేసింది. ఆ అణువులో ఇండోల్ అనే జంట వలయం ఉంటుంది. దాని స్థానంలో నాఫ్తలీన్ వలయం పెట్టి తయారుచేసినదే అగోమెలాటిన్. (అవును, కలరా ఉండల్లో ఉండే నాఫ్తలీనే. వేరే అణువులో భాగమయ్యాక దాని గుణం వేరు, కంగారు పడకండి.) మెదడులో మెలటోనిన్ అతుక్కునే గ్రాహకాలనే ఇదీ తడుతుంది, పైగా ఒక రకం సెరటోనిన్ గ్రాహకాన్ని అడ్డుకుంటుంది. యూరప్‌లో 2009లో అనుమతి ఇచ్చింది పెద్దవాళ్ల డిప్రెషన్‌కి, నిద్రలేమికి కాదు. అమెరికాలో అసలు అనుమతే లేదు. కాబట్టి నిద్ర కోసమే రాశారా, మీ మాటల్లో దిగులు కనిపించి రాశారా అని డాక్టర్నే అడగండి. నా విషయంలో రెండోది.

వేసుకునేది పడుకునే ముందు. నేను ఇల్లు చేరేసరికి తెల్లారేది కాబట్టి ఏ టైముకి వేసుకోవాలో విడిగా అడిగి చీటీ మీద రాయించుకున్నా. నాకు ముందు నిద్ర కుదుటపడింది, మనసు తేలికపడటానికి ఇంకొంత కాలం పట్టింది.

ఇక లివర్ టెస్టు. మొదలుపెట్టే ముందు ఒకటి, తర్వాత 3, 6, 12, 24 వారాలకు. డోసు 50కి పెంచితే మళ్లీ మొదటి నుంచి. ఎస్‌జీపీటీ, ఎస్‌జీఓటీ అనే లివర్ ఎంజైములు నార్మల్ పై హద్దుకి మూడు రెట్లు దాటితే మందు ఆపేస్తారు. నా రిపోర్టులు బాగానే వచ్చేవి. "ఒంట్లో బాగుందిగా, ఎందుకురా డబ్బు తగలేస్తావ్" అనేవాడు రూమ్మేట్. ఆ ఎంజైములు పెరిగినా మనిషికి ఏమీ తెలియకపోవచ్చు, అందుకే ఈ టెస్టులు.

ఎవరూ చెప్పనిది ఇంకోటుంది. ఈ మందును విరగ్గొట్టే లివర్ ఎంజైమును సిప్రోఫ్లాక్సాసిన్ (యాంటీబయోటిక్), ఫ్లూవోక్సమైన్ (ఇంకో డిప్రెషన్ మందు) అడ్డుకుంటాయి, దాంతో రక్తంలో మందు మోతాదు బాగా పెరిగిపోతుంది. కడుపు పాడైందంటే చాలు, మెడికల్ షాపులో సిప్రో చేతిలో పెట్టేస్తారు. మా వీధి షాపులోనూ అంతే. నేను అగోమెలాటిన్ వాడుతున్నానని చెప్పి, డాక్టరుకి ఫోన్ చేశాకే వేరే మందు తీసుకున్నా. సిగరెట్ దీనికి ఉల్టా, మందు తొందరగా అరిగిపోతుంది.

లివర్ జబ్బు ఉంటే ఈ మాత్ర అసలు ఇవ్వరు. ఎప్పుడైనా కామెర్లు వచ్చి ఉన్నా, వీకెండ్‌లో మద్యం తాగే అలవాటున్నా టెస్టుకి ముందే డాక్టరుకి చెప్పేయండి.